మీ యాయా గురించి నీకు చెప్పాల్సినవి

చిట్టితల్లీ,

నిన్న ఫోన్లో అన్నావు కదా, యాయా, అదే మీ గ్రీకు నాన్నమ్మ, అనగానే వంటిల్లు, నల్లబట్టలు, "తిను తిను" అనే మాట తప్ప ఇంకేం గుర్తు రావట్లేదమ్మా అని. నీ తప్పేం లేదులే, నువ్వు పుట్టకముందే మీ తాతయ్య పప్పూ పోయాడు, అప్పట్నుంచి ఆవిడ నలుపు తప్ప ఇంకో రంగు వేసుకోలేదు, నీకు ఊహ తెలిసేసరికి మోకాళ్లు పోయి వంటింట్లోంచి కదలట్లేదు. కానీ నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆవిడని వంట బాగా చేసే ముసలమ్మ అని చెప్పి వదిలేస్తే నా ప్రాణం ఒప్పుకోదు. అందుకే ఇది రాస్తున్నా, పెద్దదయినా ఓపిగ్గా చదువు.

ఆవిడ పుట్టింది 1940లో, గ్రీస్ దక్షిణాన మెస్సీనియాలో, కలమాటా పైన కొండల్లో ఒక చిన్న పల్లె. మరుసటేడే జర్మన్ సైన్యం దేశంలోకి వచ్చింది, వాళ్లు పోయారనుకుంటే 1946 నుంచి 49 దాకా గ్రీకులే గ్రీకుల్ని చంపుకున్నారు, ఒకే ఊళ్లో ఒక ఇంటివాళ్లు అటు పక్కింటివాళ్లు ఇటు. ఆ రోజుల గురించి ఎప్పుడడిగినా "ఆకలి" అని ఒక్క మాటనేసి లేచిపోయేది. బడి మూడో తరగతితో సరి. చలికాలం వస్తే ఆలివ్ చెట్ల కింద దుప్పట్లు పరిచి కర్రలతో కొట్టి కాయలు రాల్చడం, మిగతా రోజులు మేకలు.

ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు. అక్కడ కూడా కట్నం ఉండేది తల్లీ, మన దగ్గరలాగే, పొలమో ఆలివ్ చెట్లో ఇల్లో రాసివ్వకపోతే పిల్లకి పెళ్లి కాదు. పెద్దమ్మాయికి చెట్లు పోయాయి, రెండో అమ్మాయికి ఉన్న కాస్త పొలం పోయింది, మూడోది మీ యాయా, ఆవిడ దాకా వచ్చేసరికి ఏమీ మిగల్లేదు. అప్పటికి ఆస్ట్రేలియాకి గ్రీస్‌కి 1952లో వలసల ఒప్పందం జరిగి మగపిల్లలు బోలెడుమంది ఇక్కడికొచ్చి ఫ్యాక్టరీల్లో పడ్డారు, వాళ్లకి పెళ్లికూతుళ్లు కావాలి, కట్నం అడిగే పరిస్థితిలో లేరు. 1957లో బెగోన్యా అనే ఓడ వందలమంది పెళ్లికూతుళ్లని మోసుకొచ్చింది ఈ మెల్‌బోర్న్‌కి. మీ యాయా వచ్చింది 1962లో, పేట్రిస్ ఓడలో, పిరేయస్ రేవులో ఎక్కి సూయజ్ మీదుగా వారాల తరబడి సముద్రం మీద. చేతిలో పప్పూ ఫోటో ఒకటి, ఇరవై రెండేళ్లు, అప్పటిదాకా కలమాటా కూడా సరిగ్గా చూడని పిల్ల. ఇక్కడ స్టేషన్ పియర్ అనే రేవులో దిగాక ఆ ఫోటో పట్టుకుని జనంలో మనిషిని వెతుక్కుంది. నువ్విప్పుడు సరిగ్గా అదే వయసులో ఉన్నావు, ఒకసారి ఊహించుకో.

ఇంక పని. ఇది నువ్వు బాగా గుర్తుపెట్టుకోవాలి. రిచ్‌మండ్‌లో ఒకే అద్దింట్లో గదికో కుటుంబం ఉండేవాళ్లు, పప్పూ ఫిషర్‌మెన్స్ బెండ్‌లో హోల్డెన్ కార్ల ఫ్యాక్టరీలో పొద్దున షిఫ్టు, ఈవిడ ఒక బట్టల ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు, చొక్కాల కాలర్లు కుట్టడం, పీస్‌కి ఇంత అని లెక్క. ఆయన ఇంటికి రాగానే గుమ్మంలోనే మీ నాన్నని ఆయన చేతికిచ్చి ఈవిడ ట్రామ్ కోసం పరిగెత్తేది. తర్వాత మీ అత్త పుట్టాక మిషన్ ఇంట్లోనే పెట్టుకుని కుట్టింది, 1975లో గ్రీకులో రేడియో ప్రోగ్రాములు మొదలైతే అది వింటూ అర్ధరాత్రి దాకా. థార్న్‌బరీ ఇంటి లోన్ కోసం బ్యాంకుకి వెళ్తే అక్కడ ఇంగ్లీష్ మాట్లాడింది ఎనిమిదేళ్ల మీ నాన్న, వడ్డీ అంటే ఏంటో వాడికే తెలీదు పాపం. ట్రామ్‌లో ఎవడో "ఇంగ్లీష్‌లో మాట్లాడు" అని అరిస్తే స్టాప్ వచ్చేదాకా గ్రీకులోనే మాట్లాడుతూ దిగేదంట. ఆ ఇల్లు పప్పూ కొన్నాడని చుట్టాలందరూ అంటారు. సగం డబ్బు ఆ కాలర్లది.

నా సంగతికొస్తే, మొదట్లో నేనంటే ఆవిడకి ఇష్టం లేదు, దాచడమెందుకు. వాళ్ల చర్చిలో పెళ్లి జరగాలంటే ఇద్దరూ క్రైస్తవులే అయ్యుండాలి, నేను బాప్టిజం తీసుకోనన్నాను, రిజిస్ట్రీ పెళ్లి చేసుకున్నాం, ఆవిడ చాలా నెలలు నాతో మాట్లాడలేదు. ఒక ఎండాకాలం పెరట్లో తోటకూర ఏపుగా పెరిగి కనిపిస్తే నేను అడక్కుండానే కోసేసి మా తెనాలి పద్ధతిలో పప్పులో వేశాను. అది వాళ్లు కూడా తింటారని, ఉడకబెట్టి నిమ్మకాయ పిండి ఆలివ్ నూనె పోసుకుంటారని నాకేం తెలుసు. గిన్నె దగ్గరికి లాక్కుని రుచి చూసి, ఏమీ అనకుండా మర్నాడు పొద్దున్నే సంచీ ఒకటి నా చేతికిచ్చి మెర్రీ క్రీక్ గట్టుకి తీసుకెళ్లింది, అక్కడ పిచ్చి ఆకుల్లో ఏవి తినొచ్చో ఒక్కొక్కటే చూపించింది. ఆకులు కోస్తూ ఉన్నట్టుండి నన్ను అడిగింది, మీ నాన్న ఎంత కట్నం ఇచ్చాడు అని. ఏమీ ఇవ్వలేదు, కానీ మా అక్క పెళ్లికి ఎకరం అమ్మాడు అన్నాను. అప్పుడు కూర్చుంది గడ్డిలో. ఇందాక నీకు రాసిన చెట్ల కథ, పొలం కథ అన్నీ ఆ రోజు తన వచ్చీరాని ఇంగ్లీష్‌లో చెప్పినవే. మన దగ్గర కట్నం వద్దనే చట్టం 1961లోనే వచ్చింది, వాళ్లకి 1983లో వచ్చింది, వాళ్లది పోయింది, మనది ఇంకా పోలేదు అంటే ఆవిడ నమ్మలేదు, చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. ఇంకోటి కూడా, ఆవిడ ఓడ దిగిన ఏడాది నాలాంటి రంగుదాన్ని ఈ దేశం దాదాపుగా రానిచ్చేదే కాదు, తెల్లవాళ్లకే చోటు అనే ఆ వైట్ ఆస్ట్రేలియా పాలసీ పూర్తిగా పోయింది 1973లో. ఆ సంగతి నేను చెప్తే, "మేమొచ్చి తలుపు కొంచెం తోశాంలే" అంది. అది గొప్ప కోసం అన్న మాట కాదు, నేను నిజమనే నమ్ముతాను.

నువ్వు పుట్టినప్పుడు అమ్మమ్మ తెనాలి నుంచి వచ్చింది. ఒకరి భాష ఒకరికి ముక్క రాదు, కానీ బాలింతని నలభై రోజులు గడప దాటనివ్వకూడదు అనే విషయంలో ఇద్దరూ ఒక్కటైపోయారు, అమ్మమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీస్తే యాయా వచ్చి మూడుసార్లు తూ తూ తూ అనేది. నీకు ఆవిడ పేరు పెట్టింది మీ నాన్న కాదు, నేను.

చివరి రెండేళ్లూ ముందు ఇంగ్లీష్ పోయింది ఆవిడకి. నన్ను వాళ్ల పెద్దక్క అనుకునేది, ఈ ఏడు కాయలు రాల్చేశారా అని అడిగేది. ఇన్నేళ్లలో నాకు వచ్చిన ముక్కాచెక్కా గ్రీకులో, రాల్చేశాం, గానుగకి పంపేశాం అని చెప్పేదాన్ని. నూనె ఎంతొచ్చిందనేది. ఈసారి బాగా వచ్చిందనేదాన్ని.

శుక్రవారం ఫ్లైట్‌కే వచ్చెయ్, శనివారం దాకా ఆగకు. ఆవిడ నలభయ్యో రోజు ప్రార్థనకి, పోయినవాళ్ల కోసం చేసే కోలివా మనింట్లోనే చేస్తున్నాం, గోధుమలు ఉడకబెట్టి రాత్రంతా గుడ్డ మీద ఆరబెట్టాలి, దానిమ్మలు ఒలవాలి, బాదం వేయించాలి, మీ అత్తకి నడుం నొప్పి, నా ఒక్కదాని వల్లా కాదు. దాల్చినచెక్క ఇక్కడ ఉంది, కొనకు.

అమ్మ