టైటిల్స్‌లో లేని పేరు

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో ఇటలీ కౌబాయ్ సినిమాల మీద వచ్చిన వ్యాసం ఇష్టంగా చదివాను. 1964 నాటి ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’తో క్లింట్ ఈస్ట్‌వుడ్ దశ తిరగడం, స్పెయిన్ నేల మీద అమెరికా సరిహద్దు ఊరు వెలయడం, అన్నీ రాశారు. కథ ఎక్కడిదన్న దగ్గర మాత్రం ‘ఓ జపాన్ చిత్రం స్ఫూర్తితో’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నా పేచీ ఆ ‘స్ఫూర్తి’తోనే.

అది అకిరా కురొసావా తీసిన ‘యోజింబో’ (1961). ఊళ్లో రెండు ముఠాలు. ఎక్కడివాడో తెలియని కత్తివీరుడొకడు వచ్చి, అటూ ఇటూ డబ్బు తీసుకుని, రెండింటినీ ఎగదోస్తాడు. ‘ఫిస్ట్‌ఫుల్’ దర్శకుడు సెర్జియో లియోనే కత్తి తీసేసి పిస్తోలు పెట్టారు. శవపేటికలు చేసేవాడు కూడా కథతోపాటే వచ్చేశాడు! లియోనే పనితనాన్ని తక్కువ చేయడం లేదు. ఆ ముఖాల క్లోజప్‌లు, మోరికోనే సంగీతం ఎవరి దగ్గరా ఎత్తుకొచ్చినవి కావు. (అందులో ఈల వేసింది అలెస్సాండ్రో అలెస్సాండ్రోనీ. మీ వ్యాసంలో ఆయనా లేరు.)

ఇటలీవాళ్లు తీసిన కౌబాయ్ సినిమా అంటే జనం రారేమోనని అప్పట్లో పేర్లే మార్చేసుకున్నారు. లియోనే ‘బాబ్ రాబర్ట్‌సన్’, మోరికోనే ‘డాన్ సావియో’, విలన్ వేసిన జాన్ మారియా వొలొంతే ‘జాన్ వెల్స్’. ఇన్ని మారుపేర్లు పట్టిన టైటిల్స్‌లో కురొసావాకీ, ఆయనతో కలిసి కథ రాసిన కికుషిమాకీ చోటు లేకపోయింది.

సినిమా బాగుంది, కాకపోతే అది నాది అని కురొసావా ఉత్తరం రాశారు. ఈ కథ ఇటలీ నాటకకర్త గోల్డోనీ పాత నాటకంలోనూ ఉందని లియోనే వాదించారు. అయినా చివరికి ప్రపంచ వసూళ్లలో 15 శాతం ఇచ్చుకుని రాజీ పడక తప్పలేదు. అదే కథను 1996లో ‘లాస్ట్ మ్యాన్ స్టాండింగ్’గా తీసినవాళ్లు ఆ ఇద్దరి పేర్లూ తెర మీద వేశారు. వేస్తే సినిమాకి వచ్చిన నష్టమేమీ లేదు.

మన దగ్గర ఇలా హక్కులు కొనకుండా, మూలం చెప్పకుండా తీసే సినిమాకి ‘ఫ్రీమేక్’ అని ముద్దుపేరు పెట్టుకుని నవ్వేసి ఊరుకుంటున్నాం. నిర్మాతలు చెప్పకపోతే పోనీ, మీ సమీక్షకులకు తెలుసు కదా. మూలం పేరు, రాసినవారి పేరు ఒక్క వాక్యంలో వేయండి. ఆ వ్యాసానికి సవరణ వేసేటట్లయితే ఈల వేసినాయన్ని కూడా మరిచిపోకండి.

– ఒక పాఠకుడు, తెనాలి