హాస్టల్ పిల్లల కేసు: చందాల జమా ఖర్చుల వివరణ

చందా ఇచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, కాలేజీ విద్యార్థులకు కమిటీ తరఫున నమస్కారాలు. ఒక హాస్టల్లో వార్డెన్ చేతిలో దెబ్బలు తిన్న పిల్లల కేసు కోసం మీరిచ్చిన చందాల లెక్క ఇది. దీన్ని ఉగాదికే మీ ముందు పెట్టాలనుకున్నాం. పిల్లల వాంగ్మూలాలు పూర్తయ్యేదాకా ఖర్చుల వివరాలు బయటపెట్టవద్దని వకీలు గారు చెప్పారు. ఇప్పుడు అవి పూర్తయ్యాయి.

జమ: రసీదు పుస్తకాల ద్వారా 86,400 రూపాయలు. ఫోన్‌పే ద్వారా 41,250. కర్నూలు రాజ్‌విహార్ దగ్గర, కొత్త బస్టాండులో డబ్బా పట్టుకుని వసూలు చేసింది 9,870. మొత్తం 1,37,520 రూపాయలు. డబ్బాలో పది రూపాయల నోట్లే ఎక్కువ. ఆటో అన్నలకు, పూలమ్మే అమ్మలకు ప్రత్యేకంగా దండాలు.

సభలో లేచి నిలబడి ప్రకటించి, ఇంకా ఇవ్వనివి 32,000 ఉన్నాయి. పేర్లు చదవడం లేదు. ఎవరికి వారికి తెలుసు.

ఖర్చు: సమాచార హక్కు దరఖాస్తులు, జిరాక్స్, పోస్టు కలిపి 4,310. దరఖాస్తుకు పది రూపాయలే, పేజీకి రెండు రూపాయలే. కానీ ఆ హాస్టల్‌కు రిజిస్ట్రేషన్ ఉందా, చివరిసారి తనిఖీ ఎప్పుడు జరిగింది అని ఒక్కో ఆఫీసునూ విడివిడిగా అడగాల్సి వచ్చింది. కరపత్రాలు, పిల్లల సహాయ నంబరు 1098 పోస్టర్లు 13,600. ఈ పోస్టరు లోపల అంటించనివ్వని హాస్టళ్లు ఇంకా ఉన్నాయి. కలెక్టరేట్ ముందు ధర్నాకు టెంటు, మైకు, తాగునీళ్లు 7,450. టైపింగు, కోర్టు నకళ్లు 2,900. వకీలు గారు ఫీజు తీసుకోలేదు. పిల్లలు వేరే బళ్లలో చేరినప్పుడు బట్టలు, పుస్తకాలు, ట్రంకు పెట్టెలు 15,720. కౌన్సెలింగ్‌కు ఒక్కసారికి 1,500 చొప్పున పన్నెండు సార్లకు 18,000. దెబ్బలు తిన్న పిల్లలు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నారని తల్లులే చెప్పారు. ఈ ఖర్చు మీద ఎవరూ ప్రశ్న వేయలేదు, వేయరనే మా నమ్మకం.

ప్రశ్న వచ్చింది మిగిలిన రెండు పద్దుల మీద. కుటుంబాల రాకపోకలు, భోజనం, బస 38,640. కూలి నష్టం 14,400. "ఓచర్లలో పేర్లు లేవు, కుటుంబం 1, కుటుంబం 2 అని రాస్తే ఎవరు నమ్ముతారు?" అని ఒకరు. "సాక్షులకు డబ్బులిచ్చి తెచ్చుకున్నారు" అని ఇంకొకరు. రెండో మాట కోర్టులో అవతలి వకీలు నోట వస్తే పిల్లల కేసే దెబ్బతింటుంది. అందుకే వివరంగా రాస్తున్నాం.

మొదట పేర్ల సంగతి. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, విచారణలో ఉన్న బాధిత పిల్లల పేరు, ఊరు, బడి, వాళ్లను గుర్తుపట్టే ఏ వివరమూ బయటపెట్టకూడదు. పెడితే ఆరు నెలల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇక్కడ హాస్టల్ పేరు రాయకపోవడం కూడా అందుకే, ఎవరికో భయపడి కాదు. ఒక తండ్రి పేరు ఓచరు మీద పడి, ఆ కాగితం పది చేతులు మారితే, ఆ పిల్లోడు రేపు ఏ బడికి పోయినా 'ఆ కేసులోని వాడు' అనిపించుకుంటాడు. అసలు ఓచర్లు, వేలిముద్రలతో సహా, సీలు కవరులో వకీలు గారి దగ్గరున్నాయి. మొత్తాలు మాత్రం ఆడిటర్ గారు సరిచూశారు.

ఇక అంత డబ్బు ఎందుకైంది? ఈ పిల్లలు జిల్లా పడమటి మండలాలవాళ్లు. అమ్మానాన్నలు సుగ్గికి, అంటే వలస కూలికి పోయినారు, గుంటూరు వైపు మిరపకాయల కోతకు. పిల్లల్ని హాస్టల్లో వదిలిపోయిందే అందుకు. ఆ పేదరికమే వార్డెన్‌కు ధైర్యమిచ్చింది. చూడ్డానికి వచ్చేవాళ్లు లేరు, అడిగేవాళ్లు లేరు. ఆ అమ్మానాన్నలను వెనక్కి పిలిపించకుండా ఏ కాగితమూ కదలదు. పైగా సంస్థలో పనిచేసేవాళ్లు పిల్లల్ని హింసిస్తే 75వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా కఠిన శిక్ష, ఐదు లక్షల దాకా జరిమానా ఉన్నా, 2021 సవరణతో మూడు నుంచి ఏడేళ్ల శిక్ష పడే ఈ చట్టంలోని నేరాలను నాన్-కాగ్నిజబుల్ చేశారు. అంటే ఆ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. అందుకని ఒకసారి వచ్చి పోయిన కుటుంబాలనే మళ్లీ రప్పించాల్సి వచ్చింది. ఛార్జీలు 26,180, భోజనాలు 8,960, లాడ్జి 3,500. లాడ్జి ఖర్చు ఆడవాళ్లు, చిన్నపిల్లలు ఉన్న రాత్రులకే. మగవాళ్లు బస్టాండులోనే పడుకున్నారు.

కూలి నష్టం పన్నెండు కుటుంబాలకు, కుటుంబానికి ఒక్కరికి రోజుకు 600 చొప్పున రెండు రోజులకు. ఈ రెండు రోజులూ పాత బడిలో టీసీ తీసుకుని కొత్త బడిలో చేర్పించినవి. వాంగ్మూలం ఇచ్చిన రోజుకు ఒక్క రూపాయి కూలి ఇవ్వలేదు. ఆ రోజు టికెట్టు, అన్నం మాత్రమే. కమిటీలోనే కొందరు "పేదోళ్లు, ఆ రోజుక్కూడా ఇద్దాం" అన్నారు. బాగా వాదించుకుని వద్దనుకున్నాం. కూలి పోగొట్టుకుని వచ్చి నిజం చెప్పిన ఆ తల్లిదండ్రుల మాటకు ఇంకొకరు వెల కట్టే సందు ఇవ్వకూడదని.

"ఇంత పోసేకంటే ఒక ఇల్లు అద్దెకు తీసుకుని పిల్లల్ని మీరే పెట్టుకోవచ్చు కదా" అని మంచి మనసుతో అన్నవాళ్లున్నారు. ఒప్పుకోలేదు. సంరక్షణ అవసరమైన పిల్లల్ని ఉంచుకునే సంస్థకు అదే చట్టం 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. చట్టం పక్కనపెట్టినా, మేం మంచోళ్లమని మాకు మేమే చెప్పుకుని తలుపేసుకుంటే లోపల ఏం జరుగుతోందో మళ్లీ ఎవరు చూస్తారు? మేం కొట్లాడుతున్నదే ఆ మూసిన తలుపు మీద. పిల్లల్ని, వాళ్ల సంరక్షణ సంగతి తేల్చే బాలల సంక్షేమ సమితి ముందు పెట్టి, వాళ్లు చెప్పిన చోటే చేర్చాం.

మొత్తం ఖర్చు 1,15,020. నిల్వ 22,500, బ్యాంకులో ఉంది. ఇద్దరి సంతకాలు లేనిదే తీయలేం. కోర్టులో విచారణ మొదలైతే కుటుంబాలు మళ్లీ రావాలి, అదీ కోతల కాలంలోనే పడేట్టుంది. నిల్వ ఛార్జీలకే చాలదు. మాట ఇచ్చినవాళ్లు ఆ 32,000 ఈ నెలాఖరులోగా రసీదు తీసుకుని జమ చేయాలి. పుస్తకాలు ప్రతి ఆదివారం ఉదయం కోశాధికారి గారి దగ్గర ఉంటాయి. సీలు కవరు తప్ప ఏది కావాలన్నా వచ్చి చూసుకోవచ్చు.