మూలికల నానో మందు అంటే అల్లం రసం కాదు

సంపాదకునికి,

పెద్దపేగు గోడకు పుండ్లు పడే పేగుపూతకు (అల్సరేటివ్ కొలైటిస్) మూలికల నానో మందు, అంటే అతి సూక్ష్మకణాల మందు, వచ్చేసిందనే వార్తల్లో మూడు వేర్వేరు పదార్థాలు ఒకే పేరుతో చలామణీ అవుతున్నాయి. ఆకు కషాయంతో చేసే వెండి కణాల్లో మూలిక పని వెండి లవణాన్ని లోహంగా మార్చడమే; పేగులోకి వెళ్లేది ప్రధానంగా వెండి. పసుపులోని కర్కుమిన్‌ను పాలిమర్‌లో పొదిగినవి రెండో రకం. అల్లం వంటివాటి నుంచి వేరుచేసే కొవ్వుపొర బుడగలు మూడోవి.

2016లో అమెరికాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు కొలైటిస్ ఎలుకలకు ఇచ్చిన అల్లం బుడగల సైజు సుమారు 230 నానోమీటర్లు. ఇలాంటివి తీయాలంటే వడగట్టిన రసాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి. సాధారణంగా 3,000 జి (భూమ్యాకర్షణకు 3,000 రెట్ల బలం) వద్ద 20 నిమిషాలకు పీచు, 10,000 జి వద్ద 40 నిమిషాలకు కణశకలాలు అడుగుకు దిగుతాయి. పైతేటను 1,50,000 జి వద్ద రెండు గంటలు తిప్పితే ముద్ద మిగులుతుంది. దాన్ని 8, 30, 45, 60 శాతం చక్కెర ద్రావణాల పొరలపై మళ్లీ తిప్పి, కావలసిన బుడగలు చేరిన పట్టీ ఒక్కటే తీసుకుంటారు. ఈ చివరి మెట్టు ఎగ్గొడితే విడి ప్రోటీన్లు ముద్దలోనే ఉండిపోతాయి. గుణం వాటిదో బుడగలదో తేలదు. మిక్సీలో తెగిన పొరలు కూడా నీళ్లలో చుట్టుకుని బుడగలవుతాయి కనుక అన్నింటినీ 'ఎక్సోజోములు' (కణాలు తామే విడుదల చేసే బుడగలు) అనేయడం తొందరపాటే. పదేపదే గడ్డకట్టించి కరిగిస్తే అవి పగిలి ఒకదానికొకటి అతుక్కుంటాయి.

కర్కుమిన్‌ది మరో చిక్కు. నీటిలో కరగదు, రక్తంలోకి చేరిన కాస్తా త్వరగా మారిపోతుంది. అందుకని మిరియాల పైపెరిన్ కలిపి రక్తంలో మోతాదు పెంచుతున్నారు. కానీ పుండ్లు ఉన్నది పెద్దపేగు గోడకు. మందు తగలాల్సింది అక్కడ. పైగా పైపెరిన్ కలిపిన పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. పీహెచ్ (ఆమ్లత కొలమానం; తగ్గేకొద్దీ ఆమ్లత ఎక్కువ) 7 దాటాక కరిగే యూడ్రాజిట్ ఎస్100 అనే పాలిమర్‌ను మాత్రకు తొడుగుగా వేయడం మెరుగైన దారే. కానీ కొందరు కొలైటిస్ రోగుల పెద్దపేగులో పీహెచ్ పడిపోతుంది, తొడుగు విప్పుకోకుండానే మాత్ర బయటికి పోవచ్చు.

ఎలుకల ఫలితాలు చదివేటప్పుడు మందు ఎప్పుడు ఇచ్చారో చూడాలి. నీటిలో 2.5 నుంచి 3 శాతం డీఎస్‌ఎస్ (పేగు పొరను గాయపరిచే రసాయనం) వారంపాటు కలిపితే వాటికి రక్తవిరేచనాలు పట్టుకుంటాయి, ఆపితే చాలామటుకు వాటంతటవే మానతాయి. ముందునుంచే మందు పట్టించి 'నయమైంది' అంటే అది నివారణ. మనుషుల్లో జబ్బు ఏళ్ల తరబడి తగ్గుతూ తిరగబెడుతూ ఉంటుంది.

నానో కాకపోయినా, జపాన్‌లో నీలిమొక్కల పొడి చింగ్‌దాయ్‌తో జరిపిన ప్రయోగం గుర్తుచేయాలి. 2018లో ప్రచురితమైన ఆ ఫలితాల్లో అల్సరేటివ్ కొలైటిస్ బాగానే తగ్గింది. కానీ సొంతంగా కొని ఆరు నెలలు వాడిన ఒక రోగికి ఊపిరితిత్తుల ధమనుల్లో రక్తపోటు పెరిగిందని తెలిసి ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఈ జబ్బుకు మామూలుగా వాడే మెసలమిన్ మందు మానేసి మూలికకు మారేవారు డాక్టరుకు ముందు చెప్పాల్సింది ఇందుకే.