రసీదు

సఫేద్, ఇజ్రాయెల్,
శుక్రవారం పొద్దున

బిడ్డా,

నువ్వు నా ఫోన్ ఎత్తక ఇయ్యాల్టికి తొమ్మిది దినాలు. ఆఫీసుల పని ఎక్కువున్నదని మీ అమ్మ అంటది గని, అసలు సంగతి నాకెరికే. మొదటి జీతంల నుంచి నువ్వు 20 వేలు నా ఖాతాల వేస్తే, "నా అప్పు నేను కట్టుకుంట, నీ పైసలు నాకెందుకు" అని మెసేజ్ పెట్టి, ఆ సాయంత్రమే వెనక్కి పంపిన. మంచి పని చేసిన అనుకొనే పడుకున్న. జర గర్వంగ గుడ అనిపించింది, అబద్ధమెందుకు.

ఫోన్ల చెప్తే నడుమల కట్ చేస్తవని రాస్తున్న.

మా సబా సంగతి నీకు తెలుసు కద. నేనిక్కడ చూసుకునే ముసలాయన, సబా అంటే హీబ్రూల తాత. 87 ఏండ్లు, లెక్కల సారు చేసి రిటైరైండు. నేనొచ్చిన కొత్తల ఆయన నోట్ల ఒక్కటే మాట ఉండేది: "లెవద్". నేనొక్కణ్ణే చేసుకుంట అని. గుండీలు పెట్టబోతే లెవద్. స్నానానికి చెయ్యి పట్టబోతే లెవద్. చేతులు వణికి, చెంచాల సూపు సగం చొక్కా మీదనే పోయేది. అయినా లెవద్.

ఈయన రోజు పొద్దున భూతద్దం పెట్టుకొని కబ్బాలా చదువుతడు. ఈ మాట నేను సూపర్‌మార్కెట్ల నేర్చుకున్న. సామాన్లు కొన్నంక కౌంటర్ల పిల్ల "కబలా కావాల్నా?" అని అడుగుతది, రసీదు అన్నట్టు. సబా బల్ల మీద ఆ లావు పుస్తకాలు చూసి, ఇన్ని రసీదులు ఎందుకు దాస్తున్నడో అనుకున్న. అదే ఆయనకు చెప్తే నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది, నేనే నీళ్ళు తాగిపించిన. "రెండూ ఒక్కటే మాట" అన్నడు. పుచ్చుకొనుడు అని అర్థమట. యూదుల గూఢవిద్యకు అదే పేరు.

ఇగ ఆ దినం నుంచి రోజు అర్ధగంట నాకు చెప్తడు, నా వచ్చీరాని హీబ్రూకు తగ్గట్టు. నాయనమ్మకు చెప్పు, నేనేం మతం మారలె, నా మంచం పక్కన రాజన్న ఫొటో అట్లనే ఉన్నది. నలభై దాటితేనే ఈ చదువు మొదలుపెట్టాలని వీళ్ళల్ల ఒక పాత కట్టుబాటు. నాకు 51, ఆ లెక్కల పాసే. ఈ ఊరి గల్లీలల్ల కబ్బాలా పేరు చెప్పి ఎర్రదారాలు అమ్ముతరు, టూరిస్టులు చేతికి కట్టుకొని పోతరు. వాటిని చూస్తే సబా మూతి తిప్పుకుంటడు.

ఐజాక్ లూరియా అనే గురువు 1570ల ఈజిప్టు నుంచి ఈ ఊరికొచ్చిండు. రెండేండ్లకే, 38 ఏండ్లకు, అంటురోగంల పోయిండు. తన చేతితోని రాసింది చాల తక్కువ, హైమ్ విటాల్ అనే శిష్యుడు రాసిపెట్టవట్టే మిగిలింది. సమాధికి నీలం రంగు వేసి ఉంటది, కొండ వాలుల. అక్కడికి వీల్‌చెయిర్ పోదు. రోడ్డు మీదికెల్లే సబా చూస్తడు.

ఆ లూరియా చెప్పిండట: సృష్టికి ముందు అంతట దేవుని వెలుగే నిండి ఉండె, ఇంకోటి పుట్టేటందుకు చోటే లేకుండె. అప్పుడు దేవుడే వెనక్కి జరిగిండు. ఖాళీ అయిన జాగల లోకం పుట్టింది. దాన్ని త్సింత్సుం అంటరు. నాకైతే మన పాత ఇల్లు యాదికొచ్చింది. ఒక్క అర్రల ఏడుగురం, ఒకలు జరిగితేనే ఇంకొకలకు చాప పడేది. సబాకు చెప్తే "అదే, అదే" అని బల్ల గుద్దిండు.

నన్ను పట్టుకున్న ముచ్చట మాత్రం వేరే. యెహుదా అష్లాగ్ అని ఇంకొక గురువు, వార్సాల పుట్టి జెరూసలేంకు వచ్చి 1954ల పోయిండు. జొహార్ అనే పెద్ద గ్రంథానికి 'నిచ్చెన' అని వ్యాఖ్యానం రాసినాయన. మనిషంటేనే పుచ్చుకోవాలనే కోరిక అంటడు. మరి అసొంటి మనిషి ఇచ్చుడెట్ల నేర్చుకుంటడు? ఇంటికి చుట్టం వచ్చిండనుకో. కడుపుల ఆకలున్నది, ముందట అన్నీ వడ్డించి ఉన్నయ్, తినడు. సిగ్గు. ఉత్తగ దొరికే తిండికి వీళ్ళ దగ్గర 'సిగ్గు రొట్టె' అని పాతమాటనే ఉన్నది. ఇంటాయన బతిమాలుతడు, నీ కోసమే చేయించిన, నువ్వు ముట్టకపోతే నా మనసు చిన్నబోతది అంటడు. అప్పుడు ఆ చుట్టం, ఇంటాయన సంతోషం కోసం తింటడు. అదే కూర, అదే ఆకలి. ఇప్పుడు తినేటోడు గుడ ఇస్తున్నట్టే.

ఇది చెప్పేటప్పుడు నేను ఆయన చొక్కా గుండీలు పెడుతున్న. తన కాలరే పట్టి చూపిచ్చి, "లెవద్ అన్నన్ని దినాలు నేను నీకేమియ్యలె" అన్నడు. నాకు జవాబు తోచలె. మూడో గుండీ తప్పు కాజాల పెట్టి, మళ్ళ విప్పి పెట్టిన.

ఆ రాత్రి సద్దుల బతుకమ్మ యాదికొచ్చింది. చెరువు గట్టు మీద నాయనమ్మ "ఇస్తినమ్మ వాయినం" అంటే అవతలామె "పుచ్చుకుంటినమ్మ వాయినం" అనేది. నువ్వు వాళ్ళ నడుమల నిలబడి రెండు మాటలూ నువ్వే ఒర్రేదానివి. ఆ రెండో మాట నా నోట ఎన్నడన్న వచ్చిందా అని ఎతుక్కున్న. ఇంటికి పెద్దకొడుకును గద, ఇచ్చుడే నేర్చుకున్న. మీ అత్త పెండ్లికి ఇచ్చిన. ఇక్కడికి వచ్చేటందుకు ఏజెంటుకు అప్పు చేసి ఇచ్చిన. పదో తరగతిల నువ్వు నా పేరు కుట్టి రుమాలిస్తే "ఎందుకివన్ని, చదువుకోక" అన్న. ఆ రుమాలు నీ దగ్గర్నే ఉన్నదో, పారేసినవో.

ఇయ్యాల సాయంత్రం సబా బిడ్డ వస్తది. దీపాలు ముట్టించే ముందు రేకు డబ్బాల చిల్లర వేస్తది, త్సెదాకా అని. తెలుగుల దానం అంటం అంటే సబా ఒప్పుకోడు. ఆ మాట పుట్టింది న్యాయం అనే మాటకెల్లి, అవతలోనికి రావల్సిందే వానికిస్తున్నవ్ అంటడు. ఈ ముక్క మీద మాకింకా తెగలె.

ఆ 20 వేలు మళ్ళ పంపు. 5వ తారీఖు కిస్తీకి అమ్మతోని కట్టిపిస్త, రసీదు ఫొటో నీకు పెట్టమంట. రేపు నాకు సెలవు. పొద్దున పది దాటినంక ఫోన్ చెయ్యి.

నీ బాపు