వడ్లు అమ్మని ఊరు గురించి కూడా రాయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఇండోనేసియా పేరెత్తితే మన పత్రికల్లో, ముఖ్యంగా ఆదివారం అనుబంధాల్లో, బాలీ సముద్రతీరమో బోరోబుదూర్ స్తూపమో తప్ప మరో బొమ్మ కనిపించడం అరుదు. ఆ దేశపు లోతట్టున ఉన్న ఒక చిన్న ఊరి గురించి, వరి పండించే మన జిల్లాల పాఠకులకు అది తెలియాలన్న కోరికతో ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ ఊరి పేరు చిప్తగెలార్. పశ్చిమ జావాలోని సుకబూమి జిల్లాలో, హలిమున్ కొండల్లో, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. మా అబ్బాయి ఉద్యోగరీత్యా జకార్తాలో ఉన్న రోజుల్లో నేను వెళ్లి చూసి వచ్చాను. దక్షిణ తీరంలోని పెలబుహన్ రతు పట్టణం దాటి కొండ ఎక్కే దారి చాలా చోట్ల ఉత్త రాళ్లే. చివరి మజిలీ మోటారు సైకిలు వెనుక కూర్చుని, నడిపేవాడి భుజం వదలకుండా వెళ్లాను.

ఊరి పెద్ద ఇంటిని ‘ఇమా గెదె’ అంటారు. అక్కడి వంటింట్లో పొయ్యి ఆరదు. వచ్చినవారెవరైనా సరే, ముందు అన్నం తినాలి. ఆ అన్నం వండే తీరును నేను పక్కనే కూర్చుని చూశాను. కట్టెల పొయ్యి మీద రాగి పాత్రలో నీళ్లు మరుగుతుంటే, దాని మూతిలో వెదురుతో అల్లిన శంఖువు ఆకారపు బుట్ట దించి అందులో బియ్యం ఆవిరి పట్టిస్తారు. ఉడికిన అన్నాన్ని చెక్క తొట్టిలోకి వంపి, ఒకామె విసనకర్రతో విసురుతూ ఉంటే మరొకామె గరిటెతో కలియబెడుతుంది. వాళ్ల బియ్యాన్ని గ్యాసు పొయ్యి మీదో కరెంటు కుక్కరులోనో వండరు. ఊరికి కరెంటు లేకపోవడం వల్ల కాదు. కొండవాగు మీద చిన్న జలవిద్యుత్ కేంద్రం నడుపుకుంటున్నారు, 2008 నుంచి ‘చిగా’ పేరుతో సొంత టీవీ ప్రసారాలు కూడా ఉన్నాయి. అంటే కొత్త వస్తువుల మీద వాళ్లకు విముఖత లేదు. వరి విషయంలో మాత్రం పట్టు సడలించరు.

ఆ పట్టులో మొదటిది, బియ్యం అమ్మకూడదు. బియ్యం అమ్మడమంటే ప్రాణం అమ్ముకోవడమేనని వాళ్ల మాట. కూరగాయలు అమ్ముతారు, అరెన్ అనే తాటిజాతి చెట్టు నుంచి దించిన నీరా కాచి చేసిన బెల్లం అమ్ముతారు (నీరా అన్న మాట వాళ్లకీ మనకీ ఒకటే), కానీ వడ్లు గాని బియ్యం గాని సంతకు పోవు. రెండోది, నేలకు ఏడాదికి ఒకటే పంట. నేల తల్లి కాబట్టి ఏడాదికి రెండు కాన్పులు పెట్టడం పాపమంటారు. 1368 నుంచి ఈ ఆచారం నడుస్తోందని, ఏటా కోతల తరువాత జరిగే ‘సెరెన్ తావున్’ ఉత్సవాన్ని ఆ లెక్కతోనే చేస్తున్నామని వాళ్లు చెబుతారు.

కోతకు కొడవలి వాడరు. అరచేతిలో ఇమిడిపోయే చిన్న కత్తి ఒకటి ఉంటుంది, దాన్ని ‘ఏతెమ్’ అంటారు. వేళ్ల సందులో దాచి పట్టుకుని వెన్ను తరువాత వెన్ను కోస్తారు. వరి వాళ్లకు అమ్మవారు. పేరు న్యీ పొహాచి, జావా అంతటా దేవీ శ్రీ అని కొలిచేది ఆమెనే. పెద్ద కత్తి చూస్తే అమ్మవారు బెదురుతుందని ఆ జాగ్రత్త. ధాన్యలక్ష్మిని కొలిచే మనకు ఈ మాట వింతగా తోచదు. కోసిన వెన్నులను కట్టలు కట్టి, వెదురు దండేల మీద ఆరబెట్టి, నేలకు ఎత్తుగా కట్టిన చెక్క గాదెల్లో, ‘లెవుయిత్’లలో, పేరుస్తారు. అక్కడ అలాంటి గాదెలు వేలల్లో ఉన్నాయి. వెన్నుతో సహా దాచిన ధాన్యం ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఊరి మధ్యలో ‘సి జిమత్’ అనే ఉమ్మడి గాదె ఉంది. ఎవరింట గింజలు నిండుకున్నా అందులోంచి తీసుకుని, పంట చేతికొచ్చాక తిరిగి వేస్తారు. నాగుకు, అంటే గింజల వడ్డీకి, గింజలు అప్పు తెచ్చుకుని కళ్లంలోనే సగం పోగొట్టుకున్న రైతు కుటుంబాల కథలు వింటూ పెరిగినవాణ్ని కాబట్టి, ఆ గాదె ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను.

నన్ను అంతకంటే కదిలించింది వాళ్ల పంచాంగం. ‘కెర్తి’ చుక్కలు కనిపిస్తే ఇనుప పనిముట్లు సిద్ధం చేసుకోవాలి, ‘కిడంగ్’ కనిపిస్తే వాటితో పొలంలో దిగాలి, కిడంగ్ వాలిపోతే పురుగు దిగుతుంది కాబట్టి అప్పటికి గింజ గట్టిపడి ఉండాలి. కెర్తి అంటే మన కృత్తికలే, పల్లెల్లో పిల్లలకోడి అనేవి. కిడంగ్ అంటే జింక, మన మృగశిర ఉన్న చుక్కల గుంపే అది. మనం సూర్యుడు ఆ నక్షత్రంలో ప్రవేశించే రోజును కార్తెగా లెక్కిస్తాం, వాళ్లు ఆకాశంలో ఆ చుక్కలనే చూస్తారు. లెక్క వేరైనా, మృగశిర కురిస్తే ముంగిళ్లు చల్లబడతాయన్న రైతూ, జింక పొడిచింది నాగలి తీయమన్న రైతూ నమ్ముకున్నది ఒకే ఆకాశాన్ని.

ఇదంతా పాత మురిపెం కోసం రాయడం లేదు. 1960ల నుంచి ఇండోనేసియా ప్రభుత్వం ‘బిమాస్’ పథకం కింద కొత్త విత్తనం, ఎరువు, పురుగుమందు, అప్పు కలిపి రైతుకు అందించింది. దిగుబడి పెరిగింది, 1984లో ఆ దేశం బియ్యంలో స్వయంసమృద్ధి ప్రకటించుకుంది. 1967లో ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు ఐఆర్-8 అనే అధిక దిగుబడి వరి పండించి చూపిన ప్రాంతం వాడిగా ఆ విత్తనం విలువను నేను తక్కువ చేయను. కానీ ఏడాది పొడవునా పైరు నిలిచి ఉండటం, మందులు విచ్చలవిడిగా కొట్టడం వల్ల జావాలో సుడిదోమ చెలరేగి, 1986లో అక్కడి ప్రభుత్వమే వరిలో 57 రకాల పురుగుమందులను నిషేధించవలసి వచ్చింది. ఊరంతా ఒకేసారి నాటి, ఒకేసారి కోసి, మిగతా కాలం పొలానికి విరామమిచ్చే చిప్తగెలార్‌లో పురుగుకు ఏడాదంతా తిండి దొరకదు. వందకు పైగా నాటు వరి రకాలు ఇప్పటికీ ఆ గాదెల్లో బతికి ఉన్నాయి.

అయితే ఈ వ్యవసాయానికి నీరిచ్చేది అడవి, దాని హక్కే ఇంకా తేలలేదు. ఆ ప్రజలు అడవిని మూడుగా చూస్తారు. ఒకటి ఎవరూ అడుగుపెట్టనిది, ఒకటి రాబోయే తరాల కోసం అప్పగింతగా కాపాడేది, మూడోది సాగుకు వాడుకునేది. 1992లో 40 వేల హెక్టార్లతో ఏర్పడిన హలిమున్ జాతీయ పార్కు 2003లో 1,13,357 హెక్టార్లకు పెరగడంతో, తరతరాలుగా సాగు చేస్తున్న నేల మీదే ఆ కొండ పల్లెలవారు ఆక్రమణదారులన్న మాట పడవలసి వచ్చింది. ఆదివాసుల సంప్రదాయ అడవి ప్రభుత్వ అడవి కాదని 2013లో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. 2016 డిసెంబరులో తొమ్మిది సముదాయాలకు తొలిసారి అడవి మీద గుర్తింపు దక్కింది, వాటిలో పొరుగునున్న కసెపుహన్ కరంగ్ ఉంది కానీ చిప్తగెలార్ లేదు. ఆదివాసీ హక్కుల బిల్లు ఆ పార్లమెంటులో పదేళ్లకు పైగా నానుతూ వచ్చింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద పట్టాల కోసం మన ఏజెన్సీ గ్రామాలు తిరుగుతున్న తిరుగుడు చూసినవారికి ఆ ఆలస్యం ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి నా విన్నపం ఒక్కటే. మీ వ్యవసాయ పేజీలో విత్తనాల గురించి, ధాన్యం నిల్వల గురించి రాసేటప్పుడు చిప్తగెలార్‌కు కొంత చోటు ఇవ్వండి. వీలైతే మీ విలేఖరిని సెరెన్ తావున్ రోజుల్లో పంపండి. ఆ వంటింట్లో ఆయనకు కూడా ముందు అన్నమే పెడతారు.

భవదీయుడు,
ఒక వరి రైతు,
పశ్చిమ గోదావరి జిల్లా