నాన్నకి, లీడ్స్ నుంచి

నాన్నా,

నిన్న ఫోన్‌లో నీ మీద అరిచాను. పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను. మాట్లాడితే మనిద్దరికీ గొడవే అవుతోంది, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. ల్యాబ్ పని మామూలే. చలికి అమ్మ కుట్టిన బొంత ఉంది.

సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వు వరండాలో గడ్డం గీసుకుంటుంటే చూశాను. ఎడమ దవడ కిందకి రాగానే రేజర్ ఆగింది, బొటనవేలితో చర్మం లాగి పట్టుకుని పక్కనుంచి తిప్పావు. రేగుపండంత ఉబ్బు. అప్పుడే అడగాల్సింది. ఇప్పుడు నిమ్మకాయంత అయిందట.

సూదితో నీళ్ళు తీశారు, క్యాన్సర్ కణాలు లేవు, పుట్టుకతో వచ్చిన తిత్తి, కోసి తీసేస్తే సరిపోతుందన్నావు. కావచ్చు నాన్నా. కానీ నలభై దాటాక మెడ పక్కన కొత్తగా వచ్చిన నీటిగడ్డని మంచిదేలే అని వదిలేయకూడదు. అమెరికా ఈఎన్‌టీ డాక్టర్ల సంఘం 2017లో ఇదే రాసింది. ఇలాంటి స్లైడ్లు నేను చూస్తూనే ఉంటాను. నీళ్ళలో కణాలు బాగా తక్కువ, ఒక్కోసారి అసలు దొరకవు. ఉంటే తిత్తి గోడలో ఉంటాయి. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ఆ గోడ నుంచి మళ్ళీ సూదితో తీయాలి. ఆ కణాల వెనక వైరస్ ఉందేమో చెప్పే పీ16 పరీక్ష కూడా అడుగు.

సిగరెట్ ముట్టని మనిషికి క్యాన్సర్ ఎందుకొస్తుందని అమ్మ నా మీద కోప్పడింది. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల కూడా వస్తుందమ్మా అని చెప్పు. టాన్సిల్‌లోనో నాలుక మొదట్లోనో, నొప్పి కూడా లేకుండా చిన్నగా దాక్కుంటుంది. ముందు కనపడేది మెడలో గడ్డే. ఆ రకమైతే వైద్యానికి బాగా లొంగుతుంది, ఇది మాత్రం అమ్మకి రెండుసార్లు చెప్పు. థైరాయిడ్ నుంచీ ఇలాగే రావచ్చు, తీసిన నీళ్ళలో థైరోగ్లోబులిన్ అనే థైరాయిడ్ ప్రోటీన్ ఉందేమో చూడమను.

అంతవరకూ కోతకి ఒప్పుకోకు. గోడలో ఏదైనా తేలితే ముందు ఒళ్ళంతా చూసే పెట్ సీటీ స్కాన్, ఆ తర్వాతే గొంతులో బయాప్సీ. ముందే ముక్క తీస్తే ఆ గాయం కూడా స్కాన్‌లో వెలిగి తికమక పెడుతుంది.

అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళు. బోర్డు చూసి అమ్మ బెంబేలు పడుతుంది, తమ్ముణ్ణి తీసుకెళ్ళు.

ఆవకాయ అడుగుకొచ్చింది. ఏమీ పంపొద్దు, చందనోత్సవానికి పెట్టిన సెలవు ముందుకి జరిపాను. ముగ్గురం కలిసే కొండెక్కుదాం.

కొత్త స్లైడ్ ఫొటో తీసి నాకు పంపమని తమ్ముడికి చెప్పు. గడ్డం గీసుకునేటప్పుడు అక్కడ నెమ్మదిగా.

నీ బుజ్జి