ఎకో గదిలో ఆ అమ్మాయికి

అమ్మను ఇంటికి తీసుకొచ్చి గంటయింది. తను పడుకుంది. నాకు నిద్ర పట్టక ఇది రాస్తున్నా.

తిరుపతిలో అమ్మకి రొమ్ము క్యాన్సర్ వైద్యం జరుగుతోందని మీలో చాలామందికి తెలుసు. ఎడమవైపు ఆపరేషన్ అయింది. ఇప్పుడు 21 రోజులకోసారి ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్. ఆ మందు కొందరిలో గుండెను బలహీనం చేస్తుంది, అందుకని మూడు నెలలకోసారి ఎకో, అంటే గుండె స్కానింగ్, తీయించాలి. ఈ రోజు అదే.

స్కాన్ చేయడానికి ఒంటికి ఆనించే ప్రోబ్ పెట్టాల్సింది సరిగ్గా ఆ ఆపరేషన్ కుట్ల పక్కనే. అమ్మ కొంగు గట్టిగా పట్టుకుని వదల్లేదు. ఎకో తీసే అమ్మాయి తొందరపెట్టలేదు. కర్టెన్ లాగింది. చల్లటి జెల్ ముందు తన చేతిలో వేసుకుని కాసేపు వెచ్చబరిచి, "నొప్పయితే చెప్పండమా, ఆపేస్తా" అంది. ఆపరేషన్ రోజు కూడా ఏడవని నేను అక్కడ ఏడ్చేశాను.

తర్వాత స్క్రీన్ నాకు చూపించింది. గుండె గోడ అంచును ఏఐ తనే గీసుకుని, ఆ గోడ ఎంత బాగా ముడుచుకుంటోందో లెక్కగడుతుందట. దాన్ని స్ట్రెయిన్ అంటారు. ఒకచోట బొమ్మ మసగ్గా ఉండి గీత పక్కకు పోయింది. "మిషన్ గీసిందని వదిలేస్తే లెక్క తప్పొస్తుందక్కా" అని అమ్మను మెల్లగా తిప్పి మూడుసార్లు మళ్లీ తీసింది.

ఈఎఫ్ అంటే గుండె ఒక్కోసారి ముడుచుకున్నప్పుడు తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి పంపుతుందో ఆ లెక్క. అది 57, నార్మలే. స్ట్రెయిన్ 16. మరి మందు మొదలవక ముందు ఎంత? ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. మొదటి ఎకో తీసినచోట "ఈఎఫ్ 60, నార్మల్" అని ఒక్క ముక్క రాసిచ్చారు. బొమ్మలున్న సీడీ కోసం నాలుగుసార్లు తిప్పారు. ఎవరి గుండెను వాళ్ల పాత గుండెతోనే పోల్చాలి కదా, ఆ పాత బొమ్మలు పేషెంటు చేతికివ్వడానికి అంత కష్టమేమిటి? చివరికి ఇచ్చిన సీడీ తెరుచుకోలేదు. ఈ అమ్మాయి భోజనం మానేసి, మూడో కంప్యూటర్‌లో తెరిచింది. పాత బొమ్మల్ని అదే సాఫ్ట్‌వేర్‌తో కొలిస్తే 20 వచ్చింది. అంటే ఐదో వంతు పడిపోయింది. 15 శాతానికి మించి తగ్గితే ఊరుకోకూడదని డాక్టరుగారు గుండెకి మాత్రలు ఈ రోజే మొదలుపెట్టారు. ఇంజెక్షన్లు ఆపక్కర్లేదట. ఈఎఫ్ ఒక్కటే చూసుంటే అంతా బాగుందనుకుని ఇంటికొచ్చేసేవాళ్లం.

అమ్మ మంచం దిగుతుంటే ఆ అమ్మాయి వంగి చెప్పులు కాళ్ల దగ్గరికి జరిపింది. పేరు అడగాలని కూడా తోచలేదు నాకు. చల్లగా ఉండు తల్లీ.

తమ్ముడు సెలవు పెట్టి వెంటే ఉన్నాడు, ఇల్లు మరదలు చూసుకుంది. డాక్టరుగారికి నమస్కారాలు.

అయ్యో, వీల్‌చైర్ ఎక్కడినుంచో వెతికి తెచ్చిన సెక్యూరిటీ అన్నకి, లీలామహల్ దగ్గర గుంతలు తప్పిస్తూ నెమ్మదిగా నడిపిన ఆటో అన్నకి కూడా. ఇంకా లైన్లో తన టోకెన్ మాకిచ్చి వెనక్కి వెళ్లిన పీలేరు పెద్దాయనకి. ఆయనా ఎకో కోసమే వచ్చారు. మీ రిపోర్టు మంచిగా రావాలి పెద్దాయనా.